స్లాబులో ప్లాస్టిక్ కలిపితే బలం పెరగదు, తగ్గుతుంది

విజయవాడలో ఇల్లు కట్టుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇసుక బదులు ప్లాస్టిక్ ముక్కలు వేస్తే కాంక్రీటు రెండింతలు గట్టిపడుతుందట, నీళ్లు దిగవట, ఖర్చు తగ్గుతుందట. రోడ్లకు వాడుతున్నప్పుడు ఇంటికెందుకు పనికిరాదని ప్రశ్న కూడా.

ముందు బలం సంగతి. సిమెంటు ఇసుకనీ కంకరనీ ఎంత గట్టిగా పట్టుకుంటే కాంక్రీటుకు అంత బలం. గరుకు ఇసుకను సిమెంటు పాలు పట్టుకుంటాయి. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, తడి పట్టదు. ప్లాస్టిక్ కలిపిన దిమ్మను పగలగొట్టి చూడండి: ముక్క శుభ్రంగా ఊడివస్తుంది, దాని చోట నున్నటి గుంట మిగులుతుంది. పైగా బరువు పడితే ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది. అందుకే ల్యాబుల్లో ఇసుక తగ్గించి ప్లాస్టిక్ పెంచేకొద్దీ క్యూబు (బలం చూడటానికి పోసే కాంక్రీటు దిమ్మ) తక్కువ బరువుకే పగులుతుంది. ఇక క్యారీబ్యాగుల ప్లాస్టిక్ నీటికన్నా తేలిక. కాంక్రీటు సర్దుకోవడానికి వైబ్రేటర్ పెట్టగానే పైకి తేలుతుంది.

నీళ్లు ప్లాస్టిక్‌లోంచి దిగవు, నిజమే. దాని చుట్టూ సిమెంటు అంటని సందుల్లోంచి దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పట్టేది ఆ దారినే. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో రోజుల తరబడి నానిన సింగ్‌నగర్ వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రోడ్ల పద్ధతి మధురై ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్‌ది. 2018లో పద్మశ్రీ వచ్చింది. అందులో వేడి కంకర మీద ప్లాస్టిక్ కరిగి పూతలా పడుతుంది, ఆ పైన తారు కలుస్తుంది. సిమెంటులో ఆ కరగడమూ లేదు, కలవడమూ లేదు.

ఖర్చంటారా, బాటిళ్లను పాతసామాన్ల వాళ్లు ఎలాగూ కొంటున్నారు. మిగిలేవి మట్టి, నూనె అంటిన కవర్లు. వాటిని కడిగి, ఆరబెట్టి, ముక్కలు చేసే ఖర్చు ఆ మెసేజ్‌లో లేదు.

పాలీప్రొపిలీన్ ఫైబర్, అంటే సన్నటి ప్లాస్టిక్ పోగులు మాత్రం నిజంగానే పనికొస్తుంది. క్యూబిక్ మీటరుకు కిలో లోపు వేస్తే పచ్చి కాంక్రీటు ఆరేటప్పుడు వచ్చే సన్నపగుళ్లు తగ్గుతాయి. అది అందుకోసం తయారుచేసిన సరుకు, చెత్త కాదు.

పాత ప్లాస్టిక్‌ను ఫుట్‌పాత్ టైల్స్ లాంటివాటిలో, టెస్టు చేసి వాడితే నాకు సంతోషమే. ఇంటికి వ్యర్థమే వాడాలనుకుంటే మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద ఉంది. అది సిమెంటులోని సున్నంతో కలిసి గట్టిపడుతుంది. పీపీసీ అనే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిదే.

లోహాలు కరిగించాక మిగిలే స్లాగునూ, పాత కాంక్రీటు కంకరనూ ఒప్పుకున్న ఐఎస్ 383 (2016)లో, అంటే కాంక్రీటులో వేసే ఇసుక, కంకరలకు మన దేశ ప్రమాణంలో ప్లాస్టిక్ ముక్కలు లేవు. ఎవరైనా మీ పిల్లర్లలో, స్లాబులో కలుపుతామంటే 28 రోజులు గట్టిపడ్డాక చేసే క్యూబు టెస్టు రిపోర్టు అడగండి. చూపించకపోతే పని ఆపించండి.