అల్జీమర్స్‌ను ‘మెదడువాపు’ అనడంతోనే వస్తోంది తంటా

తెలుగు పాఠకుడికి మెదడువాపు అనగానే దోమ కాటుతో పిల్లలకు వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తొస్తుంది. అల్జీమర్స్ వార్తల్లో కనిపించే ‘న్యూరో ఇన్‌ఫ్లమేషన్’కు, అంటే మెదడులోని రోగనిరోధక స్పందనకు, కూడా మనం అదే మాట వాడేస్తున్నాం. అల్జీమర్స్‌లో మెదడు ఉబ్బదు, ఏడాదికేడాది కుంచించుకుపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. వాపు అన్నాక తగ్గించాల్సిందే కదా అనుకుంటాం. మతిమరుపున్న పెద్దవాళ్లకు ‘మెదడు వాపు తగ్గించే’ క్యాప్సూళ్లు అమ్ముడవుతున్నది ఈ ఊహ మీదే. ఆ స్పందనకు మూలమైన మైక్రోగ్లియా కణాలను అణచాలా, పురికొల్పాలా అన్నది జబ్బు ఏ దశలో ఉంది, అవి ఏ పనిలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి తేలాలి. గత ఇరవై ఏళ్ల పరిశోధన చెబుతున్నది ఇదే.

మైక్రోగ్లియా మెదడుకు సొంత రోగనిరోధక కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్టెగా వెండి లవణాలతో రంగు వేసి, 1919లో వీటిని వేరే జాతి కణాలుగా గుర్తించి పేరు పెట్టారు. మెదడు కణాల్లో స్థూలంగా 5 నుంచి 10 శాతం ఇవే. రక్తంలోని తెల్లకణాల్లా ఎముక మూలుగలో పుట్టవు. పిండానికి తొలి రోజుల్లో అంటుకుని ఉండే పచ్చసొన సంచి నుంచి మెదడులోకి చేరి అక్కడే స్థిరపడతాయని 2010లో ఎలుకల్లో తేలింది. మనుషుల్లో ఇవి ఏటా దాదాపు 28 శాతం కొత్తవి అవుతాయి, కణం సగటు వయసు నాలుగేళ్ల పైచిలుకు. ‘విశ్రాంతి’లో ఉన్నాయనుకున్న కణాలు నిజానికి కొమ్మల్లాంటి చేతులు చాపుతూ, ముడుచుకుంటూ కొన్ని గంటలకోసారి మెదడంతా తడిమి చూస్తాయని 2005లో బతికున్న ఎలుకల్లో కళ్లారా చూశారు.

అల్జీమర్స్‌లో నాడీకణాల మధ్య అమిలాయిడ్ బీటా ప్రోటీన్ గడ్డకట్టినప్పుడు మైక్రోగ్లియా దాని చుట్టూ చేరి, దగ్గరగా నొక్కి, గట్టి కంచె కడతాయి. కంచె ఉన్నచోట పక్కనున్న నాడీ తంతువులు తక్కువగా దెబ్బతింటాయి. ఈ పనికి వాటి పైపొర మీది ట్రెమ్2 అనే గ్రాహకం కావాలి. గడ్డ దగ్గర పోగయ్యే కొవ్వు పదార్థాలను పసిగట్టేది అదే. ట్రెమ్2లో 47వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువని 2013లో రెండు బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. ఆ మార్పు గ్రాహకాన్ని బలహీనపరుస్తుంది. ఎలుకల్లో ట్రెమ్2 తీసేస్తే కంచె సరిగా కట్టదు, గడ్డలు పొగలా వదులుగా పరుచుకుంటాయి.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన ఆధారం ఇదే. రోగనిరోధక స్పందనే దోషి అయితే, అది బలహీనపడ్డవారికి జబ్బు తగ్గాలి. జరుగుతున్నది దానికి తిరగబడి ఉంది. నాసు-హకోలా అనే అరుదైన జబ్బు ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తుంది. ట్రెమ్2 జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివారికి ఎముకల్లో తిత్తులు ఏర్పడి, నడివయసులోనే డిమెన్షియా వస్తుంది.

అలాగని ఈ కణాలను వెనకేసుకురావడమూ కుదరదు. ఎదిగే మెదడులో అక్కర్లేని నాడీ సంధులకు (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లకు) సీ1క్యూ, సీ3 అనే రోగనిరోధక ‘కాంప్లిమెంట్’ ప్రోటీన్లు గుర్తు వేస్తాయి, మైక్రోగ్లియా వాటిని తినేస్తాయి. అది ఆరోగ్యకరమైన కత్తిరింపు. 2016లో అల్జీమర్స్ ఎలుకల్లో గడ్డలు కనిపించకముందే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో ఇదే కత్తిరింపు తప్పుగా మళ్లీ మొదలైనట్టు తేలింది. ఇక మైక్రోగ్లియా లోపల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారం మోగితే ఐఎల్-1 బీటా అనే ఇన్‌ఫ్లమేషన్ పెంచే ప్రోటీన్ విడుదలవుతుంది. దానితోపాటు బయటపడే ఏఎస్‌సీ అనే ప్రోటీన్ రేణువులు కొత్త అమిలాయిడ్‌కు విత్తనాల్లా పనిచేస్తాయి. మందుతో మైక్రోగ్లియాను దాదాపు తుడిచిపెట్టిన ఎలుకల ప్రయోగాలు మరీ ఆలోచనలో పడేస్తాయి. గడ్డలు పుట్టకముందే తుడిచేస్తే మెదడు కణజాలంలో గడ్డలు చాలావరకు ఏర్పడలేదు. ఏర్పడ్డాక తుడిచేస్తే గడ్డలు అలాగే ఉన్నాయి, నాడీకణాల నష్టం మాత్రం తగ్గింది. అంటే మొదట విత్తనం వేయడంలో, మధ్యలో కంచె కట్టడంలో, చివర పొరుగును నమలడంలో ఉన్నవి ఇవే కణాలు.

మందుల చరిత్రను ఈ వెలుగులోనే చదవాలి. అమెరికాలో ఏడాప్ట్ అనే పరీక్షలో, కుటుంబంలో అల్జీమర్స్ ఉన్న 70 దాటినవారికి రోజుకు రెండుసార్లు 220 మిల్లీగ్రాముల నాప్రోక్సెన్ గానీ 200 మిల్లీగ్రాముల సెలికాక్సిబ్ గానీ ఇచ్చారు. రెండూ నొప్పి, వాపు తగ్గించే మందులే. గుండె భద్రతపై అనుమానాలతో 2004 డిసెంబరులో మందులు ఆపేశారు. జబ్బు నుంచి రక్షణ కనబడలేదు. మతిమరుపు రాకుండా నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్లకు కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ ముప్పు మిగులుతుంది తప్ప మెదడుకు ఒరిగేదేమీ లేదు.

కొంతైనా పనిచేసిన మందు మైక్రోగ్లియాను అణచేది కాదు, వాడుకునేది. లెకానెమాబ్ యాంటీబాడీ అమిలాయిడ్‌కు అతుక్కుంటుంది. దాని తోకను మైక్రోగ్లియా పట్టుకుని గడ్డను మింగుతాయి. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి, 18 నెలలపాటు, 1,795 మంది మీద జరిగిన పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. జ్ఞాపకశక్తిని, రోజువారీ పనులను కొలిచే 18 పాయింట్ల కొలమానంపై, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో ఆ తేడా 0.45 మాత్రమే. శాతం ఒక్కటే చెప్పి ఈ రెండో అంకె వదిలేయడం రోగి కుటుంబానికి అన్యాయం. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడులో నీరు చేరినట్టు కనబడింది. వాపు అన్న మాట అచ్చంగా సరిపోయేది ఇక్కడే. అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు రెండు ప్రతులున్నవారిలో ఇది మూడో వంతుకు దగ్గరగా వచ్చింది. అందుకే మందు మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష, మొదటి నెలల్లో నిర్ణీత డోసులకు ముందు ఎంఆర్ఐ తప్పనిసరిగా చూడాలి. రక్తం పలుచనయ్యే మందులు వాడేవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

మరి ట్రెమ్2నే నేరుగా పురికొల్పితే? ఏఎల్002 అనే యాంటీబాడీతో అదే చేశారు. మందు గ్రాహకాన్ని తాకిందనడానికి వెన్నుపాము ద్రవంలో గుర్తులు దొరికాయి. అయినా జబ్బు నెమ్మదించలేదని 2024 నవంబరులో తేలింది. ట్రెమ్2 సిద్ధాంతమే తప్పని చాలామంది తీర్మానించారు. నేను ఒప్పుకోను. పాల్గొన్నవాళ్లకు అప్పటికే లక్షణాలున్నాయి, అంటే అమిలాయిడ్ చేరడం పదిహేను, ఇరవై ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది. కంచె కట్టాల్సిన కాలం దాటాక తాపీమేస్త్రీని తొందరపెట్టినట్టయింది.

ఇక ప్రయోగశాల ఫలితాలను చదివేటప్పుడు ఒక సంగతి చూడాలి. మైక్రోగ్లియాను వేరుచేయడానికి కణజాలాన్ని 37 డిగ్రీల దగ్గర ఎంజైములతో కరిగిస్తే, ఆ ప్రక్రియకే కణాలు రెచ్చిపోతాయి, అది జబ్బు లక్షణంలా కనబడుతుంది. మంచు మీద చల్లగా నూరి వేరుచేయడమో, కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే రసాయనాలు ముందే కలపడమో చేయాలి. గిన్నెలో పెంచితే కొన్ని గంటల్లోనే ఇవి తమ మెదడు గుణాన్ని కోల్పోవడం మొదలుపెడతాయి. గడ్డకట్టించిన మెదడు నుంచి కణ కేంద్రకాల్లోని ఆర్‌ఎన్‌ఏను మాత్రమే చదివితే, ఉత్తేజానికి సంబంధించిన కొన్ని జన్యువులు అసలు కనబడవు. మనుషుల్లో ముప్పు పెంచే జన్యువుల్లో కొన్నింటికి ఎలుకల్లో సరైన జోడీయే లేదు.

కాబట్టి మనిషి మెదడు కణజాలమే కావాలి, చనిపోయిన కొద్ది గంటల్లోనే కావాలి. ట్రెమ్2 ముప్పు లెక్కలు ఐస్‌లాండ్, ఐరోపా మూలాలవారి నుంచి వచ్చినవి. ఆ మూడు రెట్లను మనవాళ్లకు యథాతథంగా అన్వయించకూడదు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి, దానం చేసిన మెదళ్లను పరిశోధనకు భద్రపరిచే బ్రెయిన్ బ్యాంకు ఉంది. కళ్లు దానం చేయడానికి తెలుగు కుటుంబాలు ఇప్పుడు పెద్దగా వెనకాడడం లేదు. మెదడు దానం గురించి డాక్టరు గదిలో మాటే రాదు. అది రావాల్సింది జబ్బు నిర్ధారణ అయిన తొలి నెలల్లో, రోగి తన ఇష్టం తానే చెప్పగలిగిన రోజుల్లో.