అంతా బాగానే ఉంది, ఆఫీసరు గారూ

ముందుగా ఒక మనవి. నేను పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. డిసెంబరులో ఇంటికి వెళ్ళి, హైదరాబాదులో వీసా స్టాంపింగు చేయించుకుని తిరిగి రావాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సోషల్ మీడియా ఖాతాలన్నిటికీ తలుపులు బార్లా తెరిచి ఉంచాలి, ఆఫీసరు గారు తీరికగా వచ్చి చూసుకుంటారు. అందుచేత ఈ వ్యాసంలో అమెరికా ఎన్నికలపై పొగడ్త తప్ప మరొకటి ఉండదు. ఎక్కడైనా మరోలా ధ్వనిస్తే అది తెలుగు భాషలో ఉన్న లోపం. పైకి పొగుడుతూ లోపల తెగడడానికి మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని పేరు పెట్టారట. వారితో నాకు ఏ సంబంధమూ లేదు.

మొదట మెచ్చుకోవలసింది ఇక్కడి నాయకుల చురుకుదనాన్ని. మన దగ్గర అభ్యర్థి ఎన్నికల్లో నిలబడతాడు. ఇక్కడ పరుగెత్తుతాడు. వాళ్ళ భాషలో మాటే అది. 2024లో ఈ పరుగుపందేనికి మొదట దిగినవారిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ గారికి 81 ఏళ్ళు, ట్రంప్ గారికి 78. జూన్ 27 నాటి చర్చలో దేశ భవిష్యత్తు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఇద్దరూ గోల్ఫు ఎవరు బాగా ఆడతారన్న చోట తేలారు. మా ఊరి రచ్చబండ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. అంతవరకూ బైడెన్ గారు భేషుగ్గా ఉన్నారని ఆయన పార్టీ పెద్దలు హామీ ఇస్తూ వచ్చారు. పెళ్ళికొడుక్కి కాస్త చూపు ఆనదు, అంతకు మించి ఏ లోపమూ లేదని చెప్పే పెళ్ళిళ్ళ పేరయ్యలో కూడా అంత నిబ్బరం నేను చూడలేదు. నెల తిరగకముందే, జూలై 21న, పెళ్ళికొడుకే పీటల మీది నుంచి లేచి వెళ్ళిపోయాడు.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో 50 రాష్ట్రాలున్నా అధ్యక్ష ఎన్నిక అయిదారు ఇళ్ళలో, మహా అయితే ఏడిళ్ళలో జరిగే పెళ్ళిచూపుల వంటిది. మిగతా ఇళ్ళలో సంబంధాలు ఎప్పుడో ఖాయమైపోయాయి. కాలిఫోర్నియాకు అధ్యక్షుణ్ణి తేల్చే 54 ఎలక్టోరల్ ఓట్లున్నా అటు తొంగి చూసే దిక్కు లేదు, చందాలకు తప్ప. మా పెన్సిల్వేనియాకు ఉన్నవి 19 మాత్రమే. అయినా ఆ ఏడాది ఇద్దరు అభ్యర్థులూ మా గడప అరిగేలా తిరిగారు.

ఆ మర్యాదలో కొంత నాకూ దక్కింది. అక్టోబరులో ఒక శనివారం, కుక్కరు మూడో కూత వేస్తుండగా తలుపు చప్పుడైంది. చేతిలో అట్ట, దాని మీద మా వీధి చిరునామాలు, మెడలో బ్యాడ్జి. అరవై దాటిన ఆవిడ, మెట్లెక్కి వచ్చిన ఆయాసం. లోపల నలుగురం తెలుగు కుర్రాళ్ళం కనిపించేసరికి ఆవిడ ముఖం దీపంలా వెలిగింది. ఒకే వాటాలో నాలుగు ఓట్లు! మాలో ఎవరికీ ఓటు లేదని నేను చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. కట్నం మాట ఎత్తగానే కాఫీ గ్లాసు కింద పెట్టేసిన మామగారిలా ఉంది. అయినా ఒక కరపత్రం తలుపు పిడికి తగిలించి వెళ్ళింది. సాయంత్రం అవతలి పార్టీ కుర్రాడు వచ్చి, దాని మీదే తన కరపత్రం తగిలించాడు. నా ఫోను నంబరు అంతకుముందు ఎవరిదో. ఆ మనిషి పేరు పెట్టి, 'మమ్మల్ని వదిలేశారా?' అంటూ రోజూ సందేశాలు వచ్చేవి. అర్ధరాత్రి లోపు అయిదు డాలర్లు పంపాలట. నాలాంటి విదేశీయుడు అయిదు డాలర్లు చందా ఇచ్చినా అది నేరం. ఇంత ప్రేమగా నేరానికి పిలవడం ఇక్కడే చూశాను.

ఇక డబ్బు విషయంలో వీరి నియమనిష్ఠలు మనవాళ్ళు నేర్చుకోదగ్గవి. జార్జియాలో 2021లో ఒక చట్టం చేశారు. పోలింగు కేంద్రానికి 150 అడుగుల లోపల, వరుసలో నిలబడ్డ ఓటర్లకు ఎవరూ తిండీ నీళ్ళూ పంచకూడదు. గ్లాసెడు నీళ్ళు తాగిన ఓటరు మనసు ఎటు కరుగుతుందో ఎవరికి తెలుసు? చౌరస్తాలో చలివేంద్రం పెట్టి పైన తన నిలువెత్తు బొమ్మ కట్టించుకునే మన నాయకుణ్ణి జార్జియా రాజధాని అట్లాంటాకు పంపితే కటకటాలు లెక్కపెట్టాల్సిందే. మరి 2024 అక్టోబరులో ఎలాన్ మస్క్ గారు, గట్టి పోటీ ఉన్న ఆ ఏడు రాష్ట్రాల్లో ఓటరుగా నమోదై తన వినతిపత్రం మీద సంతకం చేసినవారిలో రోజుకొకరికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నారు. అది లాటరీ అని ఫిలడెల్ఫియాలో కేసు వేశారు. లాటరీ ఎలా అవుతుంది, గెలిచేవారిని మేమే చూసి ఎంచుకుంటున్నాం కదా అని ఆయన తరఫువారు కోర్టుకు చెప్పారు. న్యాయమూర్తి ఆపడానికి నిరాకరించారు. మనవాళ్ళు తెల్లవారుజామున ఇంటింటికీ కవర్లు పంచి, అందని వీధివాళ్ళ చేత ధర్నాలు చేయించుకుంటున్నారు. ఒక్కరికే ఇచ్చి అందరినీ ఆశలో ఉంచవచ్చని ఒక్క సలహాదారుకైనా తట్టలేదు.

1984లో ఎన్టీ రామారావు గారు, ఊళ్ళో భూముల లెక్కలూ హద్దులూ చూసే కరణాల వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఆ నైపుణ్యమంతా ఏమైపోయిందా అని నాకు చిన్నప్పటి నుంచీ సందేహం. ఇక్కడికి వచ్చాక తీరింది. నియోజకవర్గాల హద్దులు గీయడం ఇక్కడ చాలాచోట్ల గెలిచిన పార్టీ చేతి పనే. 1812లోనే మసాచుసెట్స్ గవర్నరు గెర్రీ హయాంలో గీసిన ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువు ఆకారంలో వచ్చి, 'గెర్రీమాండర్' అన్న మాటతో ఆయన పేరును చిరస్థాయి చేసింది. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు ఇంకో అయిదు సీట్లు రాలేలా పటం తిరగ గీశారు. ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని కాలిఫోర్నియా డెమొక్రాట్లు ఒక చేత్తో గుండెలు బాదుకుంటూ, రెండో చేత్తో తమకూ అయిదు వచ్చేలా పటం గీసి, నవంబరులో ఓటర్ల చేత ఆమోదింపజేశారు. పొలం గట్టు జరిపాడని పక్కవాణ్ణి తిట్టి, ఆ రాత్రే తన గట్టు జరిపిన రైతు నాకు బాగా తెలుసు. ఆయన పేరు చెప్పను, బంధువు.

దేశాన్ని చీలుస్తున్న సమస్యల గురించి కూడా చెప్పాలి. 2018లో వేసిన అంచనా ప్రకారం ఇక్కడి పౌరుల దగ్గర 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి, మనుషులు అంతకంటే తక్కువ. అంటే నా వంతు తుపాకీని కూడా ఎవరో భద్రంగా దాచి ఉంచారన్నమాట. వారికి కృతజ్ఞతలు. గర్భస్రావం విషయంలో 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం, గీత దాటి న్యూ మెక్సికోలో అడుగు పెడితే అనుమతి. ఇందులో పొగడడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, ముందుకు పోతున్నాను.

వలసల సమస్య మాత్రం మా ఇంటి సమస్య. మా అమ్మమ్మది తణుకు. ట్రంప్ గారి ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు అక్కడికి దగ్గరే. 2024లో వడ్లూరులో ట్రంప్ గెలవాలని పూజలు చేశారు. తమిళనాట, బైడెన్ గారి బదులు బరిలోకి దిగిన కమలా హ్యారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురంలో ఆవిడ గెలవాలని పూజలు చేశారు. అమెరికా రెండుగా చీలిందని ఇక్కడి టీవీలు బెంగపడుతుంటే, మనం గోదావరికీ కావేరికీ తలా ఒక ముక్క పంచుకున్నాం.

మొన్న అమ్మమ్మ ఫోను చేసింది. "నాన్నా, అక్కడ ఉపాధ్యక్షుడు మన అల్లుడే కదా. బావ వీసా సంగతి ఒక్క మాట చెవిన వేయకూడదూ?"

బావ హైదరాబాదులో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా కోసం ఎదురు చూస్తున్నాడు. బయటి దేశం నుంచి కొత్తగా ఒకణ్ణి అలా రప్పించుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అల్లుడు గారి ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చిందని చెప్పాను.

"లక్ష డాలర్లంటే మన డబ్బుల్లో ఎంత?"

"తొంభై లక్షల దాకా, అమ్మమ్మా."

అవతల కాసేపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"కట్నం అంటే పెళ్ళికి ముందు మాట్లాడుకోవాలి గానీ, పెళ్ళయి పదేళ్ళు దాటాక అడగడం ఏమి మర్యాదరా?"

ఆఫీసరు గారు దయచేసి గమనించాలి. ఈ మాట అన్నది మా అమ్మమ్మ. ఆవిడకు వీసా అక్కర్లేదు.