“సంతకం ఒక లాంఛనం” అంటున్న మిత్రులకు

విశ్వేశ్వరయ్య గారి జయంతి, ఇంజినీర్ల దినోత్సవమైన సెప్టెంబరు 15 దగ్గర పడిందంటే “నిజమైన ఇంజినీరుకు నీతి పాఠాలు అక్కర లేదు” అనే సందేశం ఒకటి నా ఫోనులో వచ్చి పడుతుంది. ఈ ఏడాది కాకినాడలో నాతో చదువుకున్న మిత్రులు ముగ్గురు, రాజమండ్రిలో ఉంటున్న మా బావగారు, చివరికి మా వీధిలో సెంట్రింగు సామాను అద్దెకిచ్చే కుర్రవాడు కూడా పంపారు. మొదటి రెండుసార్లు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఐదోసారి వచ్చాక ఊరుకోవడం అంగీకారం కింద జమ అవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

అందులోని వాదనలు ఇవి. కాటన్ దొర ఏ నియమావళీ చదవకుండానే ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు, అది మరమ్మతు లేకుండా నూట ముప్పై ఏళ్ళు నిలిచింది. కెనడా ఇంజినీర్లు కూలిన వంతెన ఇనుముతో చేసిన ఉంగరాలు తొడుక్కుంటారు, మనకు అలాంటి వేషాలు అవసరం లేదు. విశ్వేశ్వరయ్య గారు సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకునేవారు, నీతి అంటే అంతే. ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (భద్రత కోసం లెక్కలో ముందే వేసుకునే అదనపు బలం) ఉంది కనుక చిన్న చిన్న సర్దుబాట్లతో ఏ కట్టడానికీ ఏమీ కాదు. చివరిగా, ఇంజినీరు పని లెక్క చెప్పడం వరకే; నిర్ణయం పైవాళ్ళది, సంతకం ఒక లాంఛనం, అడ్డు చెప్పినవాడు ఒంటరివాడవుతాడు.

ఉంగరం సంగతి ముందు వదిలించుకుందాం. 1925 నుంచి ఆ ఆచారం ఉన్న మాట నిజం. అది 1907లో కూలిన క్విబెక్ వంతెన ఇనుమన్నది కల్పన. కొవ్వొత్తి కథనే నూనె దీపంతో చాణక్యుడి పేరున కూడా చెబుతారు కనుక దాని చరిత్రతో మనకు పని లేదు. సొంత కొవ్వొత్తి వెలుగులోనే కూర్చుని తప్పుడు కాగితం మీద సంతకం పెట్టడం కూడా సాధ్యమేనన్నది నా అభ్యంతరం. ఎలా సాధ్యమో చివర చెబుతాను.

కాటన్ నియమావళి చదవలేదట. మన ప్రాంతంలో గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవారున్నారు. అంత భక్తి ఉన్నచోట ఆయన చేసిన పనేమిటో కాస్త తెలిసి ఉండాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట ఎత్తును తరువాత పెంచారు, దెబ్బతిన్న చోట్ల బాగుచేస్తూ వచ్చారు, 1970లలో దాని బదులు కొత్త బ్యారేజీ పని పెట్టుకున్నారు. మరమ్మతే అక్కర లేని కట్టడానికి ఇన్ని సేవలెందుకో సందేశకర్తే చెప్పాలి. ఆ తరంలోనే కృష్ణ మీద కట్టిన బెజవాడ ఆనకట్ట 1952లో తెగిపోయింది. ఇక కాటన్ “నిర్ణయం పైవాళ్ళది” అనుకుని కూర్చున్న మనిషా? కరువు తరువాత ఈ డెల్టా పరిస్థితిని పైవాళ్ళకు నివేదికలుగా రాసి, డబ్బు దండగ అన్నవారితో వాదించి పని సాధించినవాడు. ఉద్యోగం నుంచి తప్పుకున్నాక 1878లో కూడా పార్లమెంటు సంఘం ముందు నిలబడి నీటిపారుదల పక్షాన వాదించినవాడు. సందేశంలోని మొదటి వాదనే చివరి వాదనను కొట్టివేస్తున్నది.

ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ మాట ఇంకెక్కడి వాళ్ళన్నా సరే, ఉప్పునీటి బోర్ల మధ్య బతికే మనవాళ్ళు అనకూడదు. లెక్కలో బరువును ఒకటిన్నర రెట్లు చేసుకోవడం, కాంక్రీటు బలాన్ని ఒకటిన్నరతో భాగించుకోవడం, మనకు తెలియకుండా జరిగే తేడాల కోసం. అది విత్తనానికి దాచిన ధాన్యం వంటిది. ఆకలేసినప్పుడల్లా దంచుకుని తినేవాడు తొలకరికి ఏం చల్లుతాడు? పైగా అది బరువుకు సమాధానం చెబుతుందే తప్ప తుప్పుకు కాదు. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతున్నది. అంతర్వేది నుంచి కాట్రేనికోన వరకు సముద్రం వైపు ఊళ్ళలో ఆ హద్దు దాటిన బోర్లు కొత్త కాదు. అలాంటి నీటితో కలిపిన స్లాబులో ఊచ లోపలి నుంచే తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది, ఏటికేడాదీ మీ ఫ్యాక్టర్ కరిగిపోతూ ఉంటుంది. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసుకు ఉద్దేశించిన పైపులో తడి గ్యాసు నడిపారని, అందువల్ల పైపు తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఆ పైపుకు కూడా లెక్క ప్రకారం ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఉండే ఉంటుంది లెండి.

అసలు విషం చివరి వాదనలో ఉంది. 1986 జనవరి 27 రాత్రి, మరునాడు చాలెంజర్ వ్యోమనౌకను ఎగరవేయబోతుండగా, దాని బూస్టరు రాకెట్లు తయారుచేసిన సంస్థ ఇంజినీర్లు ఈ చలికి అతుకుల దగ్గరి రబ్బరు రింగులు బిగుసుకుపోతాయని, ప్రయోగం వద్దని చెప్పారు. వినవలసిన నాసా అధికారులకు ఆ మాట రుచించలేదు. సంస్థ పెద్దలు విడిగా సమావేశమైనప్పుడు ఇంజినీరింగ్ విభాగాధిపతితో “ఇంజినీరు టోపీ తీసి యాజమాన్యం టోపీ పెట్టుకో” అన్నారు. ఆయన పెట్టుకున్నాడు. టోపీ మారింది కానీ ఫ్లారిడాలో చలి మారలేదు. ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలై, అందులోని ఏడుగురూ మరణించారు. సంతకం లాంఛనమే అయితే ఆ రాత్రి ఆ సంస్థ తరఫున ప్రయోగ కేంద్రంలో ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్ ప్రయోగానికి సరేనంటూ సంతకం చెయ్యనన్నప్పుడు మరొక అధికారిని వెతికి ఎందుకు చేయించారు? సందేశకర్త ఉంగరాల కోసం తలుచుకున్న క్విబెక్ వంతెన విషయంలోనూ, కింది కమ్మీలు వంగుతున్నాయని కొలిచి చూసినవారు ఉన్నారు; పని ఆపించే అధికారం నాది కాదని అక్కడివారు అనుకుంటూ ఉండగా, ఇక బరువు పెంచవద్దన్న తంతి ఫ్యాక్టరీకి వెళ్ళిందే కానీ పని జరిగే చోటికి సమయానికి అందలేదు. 75 మంది పోయారు.

ఒక్క ముక్క మాత్రం ఒప్పుకోవాలి. అడ్డు చెప్పినవాడు ఒంటరివాడవుతాడన్నది అక్షరాలా నిజం. చాలెంజర్ ప్రయోగం ముందు రాత్రి అందరికంటే గట్టిగా వాదించిన ఇంజినీరు రోజర్ బోయిజాలీ, తరువాత విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు తోటివారికి దూరమై ఉద్యోగం విడిచిపెట్టవలసి వచ్చింది. నేను ఒంటరిని కాలేదు, ఎందుకంటే నేను అడ్డు చెప్పలేదు.

ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరిన కొత్తలో, సముద్రానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఒక బడి భవనం పని నా మీద పడింది. స్లాబు వేసే రోజున బోరు నీళ్ళు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. కాంక్రీటు బలం పరీక్షకు పంపే క్యూబుల అచ్చుల్లో పోసే మాలును మేస్త్రీ వేరే బొచ్చెలో, సిమెంటు దండిగా వేసి కలపడం కూడా నా కళ్ళారా చూశాను. ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పిద్దామని మా పై అధికారితో అంటే, “మార్చి నెలాఖరు, బిల్లు మురిగిపోతుంది, నువ్వు చెప్పావు, నేను విన్నాను, ఇక సంతకం పెట్టు” అన్నారు. పెట్టాను. ఒక్క రూపాయి తీసుకోలేదు, టీ కూడా నా డబ్బుతోనే తాగాను. కొవ్వొత్తి పరీక్షలో నాకు నూటికి నూరు మార్కులు. పని ఆపే అధికారం లేకపోయినా, సైటు ఆర్డరు పుస్తకంలో నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఒక వాక్యం రాసే అధికారం నాకుంది. ఆ వాక్యం ఉంటే ఆయన కూడా దాని కింద సంతకం పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోవలసి వచ్చేది.

పన్నెండేళ్ళ తరువాత వేరే పని మీద అటు వెళ్ళి ఆ బడిలో ఆగాను. వరండా దూలం అడుగున ఊచ పొడవునా పెచ్చు ఊడి ఉంది; వేలితో గీస్తే ఇనుము పొరలు పొరలుగా రాలింది. పిల్లలను ఆ పక్కకు వెళ్ళవద్దని చెప్పి, అడ్డంగా ఒక బల్ల వేశారు. అప్పటి ఎం బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) తీయించి చూశాను. నీళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు. కింద నా సంతకం ఉంది.