కీలెరగని వాతలు

పన్ను నొప్పి అంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమంటారు. కన్ను మసకేసిందంటే కళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. మోకాలు నొప్పి అంటే మాత్రం ఎవరూ ఎక్కడికీ వెళ్లమనరు. కూర్చోమంటారు. కూర్చోబెట్టి అక్కడికక్కడే వైద్యం మొదలుపెడతారు.

ఏడేళ్లుగా ఒక ఎడమ మోకాలిని పోషిస్తున్న అనుభవంతో మనవి చేస్తున్నాను. శరీరంలో మిగతా అవయవాలన్నీ స్వార్జితం, కీళ్లు మాత్రం ఉమ్మడి ఆస్తి. వాటి మీద మేనమామకూ, మేనమామ గారి వియ్యంకుడికీ, లిఫ్టులో రెండంతస్తుల మేర పరిచయమైన పెద్దమనిషికీ సమాన హక్కులుంటాయి. కీలెరిగి వాత పెట్టమన్నారు వెనకటివాళ్లు. కీలెరగడానికి ఇప్పుడెవరికీ తీరిక లేదు గానీ వాతలు పెట్టడం మాత్రం ఏ లోటూ లేకుండా సాగిపోతోంది.

నా దగ్గర లెక్క ఉంది (ఇలాంటి లెక్కలు రాసుకునే తీరిక నొప్పి ఉన్నవాడికే ఉంటుంది). ఇప్పటిదాకా అందిన సలహాలు 43. కాలు కదపమన్నవి 21, కదపొద్దన్నవి 22. ప్రజాస్వామ్యవాదిని కనుక ఒక్క ఓటు తేడాతో మంచానికే పరిమితమయ్యాను.

నొప్పి వచ్చాక మనిషికి దక్కే మొదటి లాభం వాతావరణ శాఖలో గౌరవ పదవి. మా ఇంట్లో గొడుగు తీసుకెళ్లాలా వద్దా అన్న సందేహం వస్తే ఆకాశం వంక ఎవరూ చూడరు, నా మోకాలి వంక చూస్తారు. రెడెల్మయర్, ట్వెర్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 18 మంది రోగులను 15 నెలలు గమనించి, నొప్పికీ వాతావరణానికీ పొత్తు కనబడలేదనీ, ఆ పొత్తు మన మనసే కుదుర్చుకుంటుందనీ 1996లో ప్రకటించారు. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాలు "ఏమో, కాస్త ఉందేమో" అని గొణిగాయి. నా మోకాలు ఇవేవీ చదవలేదు. పదవి వదులుకునే ఉద్దేశం కూడా దానికి లేదు.

ఆసుపత్రికి వెళ్లలేదని అనుకునేరు. వెళ్లాను. అక్కడ ముందుగా నొప్పికి మార్కులు వెయ్యమంటారు, సున్నా నుంచి పది దాకా. తొమ్మిదంటే "నడిచే వచ్చారుగా?" అన్నట్టు చూస్తారు. నాలుగంటే "దానికే వచ్చారా?" అన్నట్టు చూస్తారు. బడిలో లెక్కలకొచ్చిన మార్కులు గుర్తొచ్చి ఆరు దగ్గర ఆగిపోయాను. తర్వాత ఎక్స్‌రే. తర్వాత ఆ సుప్రసిద్ధ వాక్యం: "గుజ్జు అరిగిపోయిందండీ."

ఈ గుజ్జు గురించి తెలుసుకున్నకొద్దీ నాకు దానిమీద కోపం పెరిగింది. ఆ మృదులాస్థికి నరాలు ఉండవు, రక్తనాళాలూ ఉండవు. అంటే అరిగేది అది, అనుభవించేది చుట్టుపక్కల ఎముకా, కీలు లోపలి పొరానూ. అప్పు చేసినవాడు హాయిగా నిద్రపోతుంటే హామీ సంతకం పెట్టినవాడు లబోదిబోమన్నట్టు. పైగా ఎక్స్‌రేలో అరుగుదలకూ నొప్పికీ లెక్క సరిగ్గా కుదరదు. నాకంటే ఘోరంగా అరిగిన ఎక్స్‌రే చేతబట్టుకుని ఒకాయన నా కళ్లముందే మెట్లు చకచకా దిగిపోయాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు.

ఇక సాక్ష్యాల సంగతి. 43 సలహాల్లో ప్రతిదానికీ ఒక బావమరిది ఉన్నాడు. "మా బావమరిదికి పది రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోయింది." అబద్ధమని నేననను. కీళ్ల నొప్పికని మింగే గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ బిళ్లల మీద 1,583 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తమ్మీద చూస్తే ఆ బిళ్లలు ఉత్తుత్తి బిళ్లల కంటే మెరుగేమీ కాదని తేలింది. అసలు విశేషం అది కాదు. ఏ మందూ లేని ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లలోనే నూటికి 60 మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. 2002 నాటి ఇంకో పరీక్షలో మోకాలికి గాటు పెట్టి, లోపల ఏమీ చెయ్యకుండా కుట్లు వేసి పంపించినవాళ్లు, సన్నని దుర్బిణి లోపలికి దూర్చి కీలు శుభ్రం చేయించుకున్నవాళ్లతో సమానంగానే కోలుకున్నారు. కీళ్ల నొప్పి పోటులా వస్తుంది, పాటులా వెనక్కి తగ్గుతుంది. మనం పోటు మీదున్నప్పుడే మందు కోసం పరిగెడతాం కనుక, పాటు వచ్చినప్పుడు చేతిలో ఏది ఉంటే పేరు దానికొస్తుంది. బావమరుదులందరూ సత్యవాక్పరిపాలకులే.

కీళ్ల నొప్పికని పొట్లం కట్టి ఇచ్చే ఒక్క పొడి విషయంలో మాత్రం నేను హాస్యం ఆడలేను. పేరుండదు, పొట్లం మీద అక్షరం ఉండదు, మూడో రోజుకల్లా మనిషి లేచి పరిగెడతాడు. ఇలాంటి మహిమ 1948లో ఒకసారి జరిగింది. అమెరికాలో ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బుతో కదల్లేని ఒక యువతికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తే కొన్ని రోజులకే లేచి నడిచింది. 1950లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ తర్వాత తక్కిన బిల్లు వచ్చింది: ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం, ముఖం చంద్రబింబంలా ఉబ్బడం. కవులు పొగిడే చంద్రబింబం వేరు, ఇది వేరు. డాక్టరు కొలిచి ఇచ్చి, కొలిచి మాన్పించాల్సిన ఆ స్టెరాయిడ్‌నే కొందరు పొడిలో గుట్టుగా కలిపేస్తుంటారు. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. ఈ పొడి ఇచ్చే మహానుభావుడు బహుమతి ఆశించడు. మళ్లీ పొట్లం కోసం రమ్మంటాడంతే.

అసలు కీళ్ల నొప్పి అన్నది ఒక జబ్బు కాదు, ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో వంద పైచిలుకు జబ్బులున్నాయి. పొద్దున్నే లేవగానే కీళ్లు బిగుసుకుని అరగంటలోపు సడలితే అది అరుగుదల కావచ్చు. గంట దాటినా సడలక, రెండు చేతుల వేళ్లూ వాస్తే రుమటాయిడ్ కావచ్చు. అర్ధరాత్రి కాలి బొటనవేలు నిప్పులా మండితే యూరిక్ ఆమ్లం స్ఫటికాల పని, గౌట్. రుమటాయిడ్‌లో మన రక్షణ దళమే మన కీలు పొర మీద పడుతుంది. తొందరగా గుర్తించి మందు మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా ఆపుకోవచ్చు. ఆ మందుల్లో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునేది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. కానీ మన ధన్వంతరులకు మూడింటికీ ఒకటే నూనె. నూనె రాసుకుంటూ రెండేళ్లు గడిపి, వేళ్లు వంగాక డాక్టరు దగ్గరికి వచ్చినావిడను ఆసుపత్రి వరండాలోనే చూశాను. ఆవిడకు సలహా ఇచ్చినవాళ్లెవరూ వెంట రాలేదు.

చివరికి నాకు తేలిన వైద్యం ఏమిటంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాలు చాచి, తొడ కండరం బిగబట్టి, పది లెక్కపెట్టడం. దాంతోపాటు బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఇంత లాభసాటి బేరం వేరే ఏ వ్యాపారంలోనూ లేదు, అయినా ఒక్క బావమరిదీ దీనికి ప్రచారం చెయ్యడు. చేస్తే తనూ చెయ్యాల్సొస్తుందని భయం కాబోలు.

నిన్న సాయంత్రం కాలు చాచి ఏడు దాకా వచ్చాను. లిఫ్టు పెద్దాయన తలుపు తోసుకుని లోపలికొచ్చి, గాల్లో ఉన్న నా కాలు చూసి గుండె బాదుకున్నారు.

"అయ్యయ్యో, దించండి దించండి! ఉన్న గుజ్జు కూడా పోతుంది!"

దించాను. ఆయన వెళ్లాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.