బ్రోకరేజీ సున్నా అంటే సంబరపడకండి

షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరవాలనుకునే కొత్తవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే. ఎవరి దగ్గర బ్రోకరేజీ తక్కువ? డెలివరీకి, అంటే షేర్లు కొని ఖాతాలో ఉంచుకోవడానికి, సున్నా అని ఒకరంటే, ఆర్డరుకు ఇరవై రూపాయలని ఇంకొకరంటారు. ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, చేసేవాళ్లకు ఆ తేడా ముఖ్యమే. మంచి షేర్లు కొని పదేళ్లు కదలకుండా ఉంచుకోవాలనుకునేవాళ్లు మాత్రం ముందు వేరే సంగతి ఆరా తీయాలి. ఆ బ్రోకరుకు అసలు ఆదాయం ఎక్కణ్నుంచి వస్తోంది?

ముందు లెక్క చూద్దాం. నెలకు 10 వేల రూపాయలతో ఒక్క ఆర్డరు పెడతారనుకోండి. ఇరవై రూపాయల బ్రోకరేజీ, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 23 రూపాయల 60 పైసలు. ఏడాదికి 283 రూపాయలు. 1.20 లక్షల పెట్టుబడి మీద ఇది పావు శాతం కూడా కాదు, పైగా కొన్నప్పుడు ఒక్కసారే. ఎస్టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) పది రూపాయలు, స్టాంపు డ్యూటీ రూపాయిన్నర ఏ బ్రోకరు దగ్గరైనా తప్పవు. వార్షిక నిర్వహణ చార్జీ కూడా ఇప్పుడు పెద్ద బరువేం కాదు. చిన్న మదుపరుల కోసం ఉన్న బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతాలో 4 లక్షల విలువ దాకా అసలు లేదు, 10 లక్షల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. కాకపోతే ఇది ఒకే ఖాతా ఉన్నవాళ్లకే. ఆఫర్ కనబడినప్పుడల్లా ఇంకో ఖాతా తెరిస్తే ఈ వెసులుబాటు పోతుంది.

ఆ 283 రూపాయలూ వదులుకున్న బ్రోకరు మరి బతికేదెలా? ఏడాదికి పన్నెండు సార్లు కొని ఊరుకునే ఖాతాదారు వల్ల అతనికి మిగిలేది ఏమీ లేదు. డిస్కౌంట్ బ్రోకింగ్ వ్యాపారం ప్రధానంగా ధర పెరుగుతుందా తగ్గుతుందా అని గడువు పెట్టి పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్ల (ఎఫ్ అండ్ ఓ) మీద నడుస్తోందన్నది మార్కెట్లో అందరికీ తెలిసిందే. అందుకే యాప్ అలా ఉంటుంది. షేరు కొందామని పేజీ తెరిస్తే పక్కనే ఆప్షన్ చెయిన్, అంటే ఆప్షన్ల ధరల పట్టిక. ఆర్డరు పెట్టబోతే డెలివరీ పక్కనే ఎంటీఎఫ్, అంటే కొంత మీ డబ్బు, మిగతాది బ్రోకరు ఇచ్చే అప్పు. దానికి రోజువారీ వడ్డీ. పొద్దున్నే మార్కెట్ తెరవకముందే ఫోన్ మోగుతుంది, ఇవాళ ఎక్స్‌పైరీ (ఆ కాంట్రాక్టుల గడువు రోజు) అని గుర్తు చేస్తూ.

ఈ ఊరింపు ఖరీదు ఎంతో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్కగట్టి చెప్పింది. 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, సగటున ఒక్కొక్కరు దాదాపు 2 లక్షల రూపాయలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఏడాదికి 283 రూపాయలు ఆదా చేద్దామని యాప్ ఎంచుకున్న మనిషి, ఆ యాప్ చూపించిన దారిలోనే వెళ్లి 2 లక్షలు పోగొట్టుకుంటే ఏ బ్రోకరు చవకైనట్టు?

ఖర్చు తక్కువైతే దీర్ఘకాలంలో చక్రవడ్డీ కలిసొస్తుందని వాదించేవాళ్లున్నారు. నిజమే, కానీ అది ఏటా కోత పడే ఖర్చులకు. మ్యూచువల్ ఫండ్‌లో నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ వదిలి ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్ తీసుకుంటే మొత్తం నిధి మీద ప్రతి ఏడూ కమీషన్ పోతూనే ఉంటుంది. పీనాసితనం చూపించాల్సింది అక్కడ.

భద్రత సంగతి బ్రోకరేజీ కన్నా చాలా పెద్దది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన బ్రోకరేజీ సంస్థ కార్వీని మన తెలుగువాళ్లు మరచిపోకూడదు. క్లయింట్లు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని తేలాక 2019 నవంబరులో సెబీ వేటు వేసింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ బదులు పరిమిత అధికారం ఇచ్చే డీడీపీఐ అనే పత్రం వచ్చింది. అదీ తప్పనిసరి కాదు. అది ఇవ్వకపోతే అమ్మినప్పుడల్లా టీపిన్ (అమ్మకానికి అనుమతినిచ్చే రహస్య సంఖ్య), ఓటీపీ కొట్టడం విసుగే, కానీ ఎప్పుడో ఒకసారి అమ్మేవాళ్లు ఆ విసుగు భరించడమే మేలు. లావాదేవీ జరిగిన ప్రతి నెలకూ, మన షేర్లను భద్రపరిచే డిపాజిటరీలు సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్‌డీఎల్ నుంచి నేరుగా మెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంట్‌ను యాప్‌లో కనిపించే షేర్లతో సరిచూసుకోండి.

కాబట్టి చాలాకాలంగా వ్యాపారంలో ఉన్న, ఫిర్యాదు చేస్తే పలికే, తెరిస్తే బోర్ కొట్టే యాప్ ఉన్న బ్రోకరును ఎంచుకోండి. ఖాతా తెరిచేటప్పుడు ఎఫ్ అండ్ ఓ కోసం ఆదాయ రుజువు అడుగుతారు. అది ఇవ్వకుండా వదిలేయండి, ఆ సెగ్మెంట్ మూసే ఉంచండి.

అయితే ఈ జాగ్రత్తంతా ఇరవై రెండేళ్ల కుర్రాడి నెత్తిన పెట్టి ఊరుకోవడం అన్యాయం. మొదటి జీతం అందుకున్న పిల్లల చేతిలోకి పొదుపు పేరుతో జూదం వస్తుంటే వ్యవస్థ చూస్తూ కూర్చుంది. 2024 అక్టోబరులో సెబీ ఇండెక్స్ కాంట్రాక్టుల కనీస విలువను 15 లక్షలకు పెంచింది, వారంవారం వచ్చే ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజీకి ఒక సూచీకే పరిమితం చేసింది. అది చాలదు. డెలివరీ మాత్రమే చేసే ఖాతాను ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించాలి. ఆ ఖాతాదారు తెర మీద ఆప్షన్లు, ఎంటీఎఫ్ కనిపించకూడదు, వాటి గురించి ఒక్క నోటిఫికేషన్ కూడా పంపకూడదు. కావాలనుకున్నవాడు రాతపూర్వకంగా అడిగి, నెల రోజులు ఆగి తీసుకోనివ్వండి.