పిట్టల పోరులో పిల్లి వాటా

2000వ సంవత్సరంలో లండన్‌లో ఒక శవయాత్ర జరిగింది. పేటికలు మోసుకుంటూ ఊరేగారు. పోయినవాడు బుకీ, అంటే జనం కాసే పందేలను కట్టించుకునే వ్యాపారి అని ప్రకటించారు. బెట్‌ఫెయిర్ అనే పందేల ఎక్స్ఛేంజి లోకానికి తన రాకను చాటుకున్న తీరు అది. ఇకపై పందెం మనిషికీ మనిషికీ మధ్యనే, నడుమ దోచుకునేవాడు ఉండడన్నారు. ఇంత పుణ్యకార్యాన్ని కొందరు ఇప్పటికీ అనుమానంగా చూస్తున్నారు కాబట్టి నాలుగు మాటలు చెప్పడం నా ధర్మం.

ఒక గుర్రం గెలుస్తుందని మీ నమ్మకం, గెలవదని నా నమ్మకం. మనం ముఖాలు చూసుకోనక్కరలేదు. తెర మీద దాని ధర 4.0, అంటే గెలిస్తే కాసిన ప్రతి పౌండుకూ అసలుతో కలిపి నాలుగు. మీరు 100 పౌండ్లు కాశారు, దీన్ని ‘బ్యాక్’ అంటారు. నేను ఎదురు కాశాను, అది ‘లే’. గుర్రం గెలిస్తే నేను మీకు 300 ఇచ్చుకోవాలి, ఓడితే మీ వంద నాది. నా మాట మీద ఎక్స్ఛేంజికి బొత్తిగా గురి లేదు, అందుకే ఆ 300 నా ఖాతాలో ముందే కట్టిపడేస్తుంది. జీవితమంతా బుకీని తిట్టిన నేను ఒక్క మీట నొక్కి బుకీనయ్యాను. వాడు చావలేదు, మనందరిలో తలో ముక్కగా ప్రవేశించాడు.

ఇక కమీషన్. గెలిచినవాడి లాభంలోనే కోస్తారు, ఓడినవాణ్ణి ముట్టుకోరు. ఎంత దయ! 5 శాతం అనుకుందాం. గుర్రానికి నిజంగానే నాలుగింట ఒక వంతు అవకాశం ఉందనీ, ఇలాంటి పందేలు మనం నాలుగు ఆడామనీ అనుకోండి. మీరు ఒకసారి గెలిచి 285 తెచ్చుకున్నారు, మూడుసార్లు ఓడి 300 వదులుకున్నారు. నేను మూడుసార్లు తొంభై అయిదేసి చొప్పున 285 గెలిచాను, ఒకసారి 300 కట్టాను. మీకు 15 నష్టం, నాకూ 15 నష్టం. 30 పౌండ్లు ఎటు పోయాయని అడగడం మర్యాద కాదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని సామెత చెప్పినవాళ్లు ఆ పిల్లి ఏ పిట్ట పక్షమూ వహించలేదన్న సంగతి మరిచారు.

అయినా కొందరు మొండిగా గెలుస్తూనే ఉంటారు. వాళ్ల మీద 2008లో అదనపు రుసుము వచ్చింది. 2011లో మరీ తెలివైనవాళ్లకు దాన్ని లాభంలో 60 శాతం దాకా పెంచారు. మామూలు బుకీ అయితే గెలిచేవాణ్ణి గెంటేస్తాడు. ఇక్కడ గెంటరు, భాగస్తులవుతారు.

నాకు మరీ ఇష్టులు 1.01 ధరకు కాసేవాళ్లు. అంతకన్నా తక్కువ ధర లేదు. వంద పెడితే వచ్చేది ఒకటి, అదీ కమీషన్ పోకముందు. గుర్రం ముందుంది, గీత కనిపిస్తోంది, ఇంకేముంది అనుకుంటారు. చివరి కంచె దగ్గర అది ముక్కు నేలకానిస్తుంది. అవతల, వెనకబడ్డ గుర్రం మీద వెయ్యి ధరకు సరదాగా రెండు పౌండ్లు పడేసినవాడు కుర్చీలోంచి లేస్తాడు.

యంత్రాలూ మనసున్నవే. 2011 డిసెంబరు 28న ఐర్లండులోని లెపర్డ్స్‌టౌన్‌లో వోలే లా వెడెట్ అనే గుర్రం పరుగు పందెంలో గెలుపు వైపు దూసుకుపోతోంది. అప్పుడు ఎవరిదో కంప్యూటర్ ప్రోగ్రాం, ఒకటికి 28 చొప్పున, 2 కోట్ల పౌండ్లకు పైగా పందేలు తీసుకుంటానని తెర మీద నిలబడింది. గుర్రం గెలిచింది. ఆ పందేలన్నీ జనం అందుకుని ఉంటే చెల్లించాల్సింది దాదాపు 60 కోట్ల పౌండ్లు! ముందే డబ్బు కట్టిపడేసే నియమం ఆ క్షణంలో కునుకు తీసినట్టుంది. సాంకేతిక లోపం అన్నారు, పరుగు మధ్యలో కాసిన పందేలన్నీ రద్దు చేశారు. గెలిచామని గంతులు వేసినవాళ్ల పెట్టుబడి మాత్రం తిరిగి ఇచ్చారు.

2016లో బెట్‌ఫెయిర్ వెళ్లి ప్యాడీ పవర్‌తో కలిసిపోయింది. ప్యాడీ పవర్ ఎవరంటారా? ఐర్లండుకు చెందిన, వీధుల్లో దుకాణాలు తెరిచి కూర్చున్న, అచ్చమైన బుకీ. ఆనాటి ఊరేగింపులో పేటిక మూత ఒకసారి తీసి చూడాలని ఎవరికీ తోచినట్టు లేదు.