సున్నా కామా సున్నా గారికి ఒక మనవి

మహారాజశ్రీ సున్నా కామా సున్నా గారి దివ్యసముఖమునకు,

క్యాడ్ ఆఫీసుల్లో, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే చోట్ల, కళ్లు కాయలు కాచేలా స్క్రీన్ చూసే వాళ్లందరి తరఫున నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మా డ్రాయింగులే ఎక్కడున్నాయో తెలియడం లేదు.

డ్రాయింగులో అడ్డం, నిలువు కొలతలు రెండూ మొదలయ్యే బిందువు తమరే కదా, ముందుగా మీ అడ్రసు సంగతి. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) కోసి చోట్లను మీటర్లలో చెప్పే పద్ధతి యూటీఎం. హైదరాబాద్ సర్వే అంటే అందులో 44వ జోన్. ఆ లెక్కలో మీ నివాసం భూమధ్యరేఖ మీద, కన్యాకుమారికి దక్షిణంగా దాదాపు 900 కిలోమీటర్ల అవతల, నడిసముద్రంలో. తూర్పు కొలతల్లో మైనస్ అంకెలు రాకూడదని జోన్ నడిమి గీతకు 5,00,000 మీటర్లు రాసిచ్చి, మిమ్మల్ని అంత పడమరకు తోసేశారు. అక్కడి నుంచి కొలిస్తే మా ఊరు సుమారు 2.3 లక్షల మీటర్లు తూర్పు, 19.24 లక్షల మీటర్లు ఉత్తరం. మాదాపూర్‌లో 200 గజాల ప్లాటుకు హద్దురాయి వేయాలన్నా లెక్క మీ సముద్రంలోనే మొదలవ్వాలి.

క్యాడ్ చేసే కుర్రాడికి ఈ అంకెలంటే టెన్షన్. అతన్నీ అనలేం. మిల్లీమీటర్లలో గీస్తే ఉత్తరం కొలత ఒక్కటే పది అంకెలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక సంఖ్యలో నిక్కచ్చిగా దాచుకునేది పదిహేను, పదహారు అంకెలు. అందులో పది మీ దగ్గరికి దారిఖర్చులకే పోతే హ్యాచ్ (ఆకారాల లోపల నింపే గీతలు) చెదురుతుంది, జూమ్ చేస్తే గీతలు వణుకుతాయి. దాంతో అతను అన్నీ సెలెక్ట్ చేసి, మూవ్ కొట్టి, చేతికందిన మూల పట్టుకుని ప్లాటును తెచ్చి మీ పాదాల దగ్గర పడేస్తాడు. అప్పుడు చూస్తే ప్లాటు కాస్త వంకరగా ఉంటుంది. కళ్లకు బాగాలేదని రొటేట్ కూడా చేస్తాడు. ఏ మూల పట్టుకున్నాడో, ఎంత తిప్పాడో ఒక్క ముక్క రాయడు. జరపడం నేరమని నేననను. ఎంత జరిపామో షీటు మూలన ఒక లైను రాస్తే చాలు. ఆ లైను రాసిన వాళ్లు మాత్రం నాకు అరుదుగా కనిపించారు. పాపం, ఎండలో టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం మోసిన సర్వేయరు శ్రమంతా రెండు కమాండ్లలో మాయం.

వంకర ప్లాటు కోసమే గదండీ 1988లో ఆటోక్యాడ్ అనే ఈ గీసే సాఫ్ట్‌వేర్ పదో రిలీజ్‌లో యూసీఎస్ (మనకు కావలసినట్టు తిప్పుకునే ఇరుసులు) ఇచ్చింది! ప్లాటు ఉన్న చోటే ఉంటుంది, ఇరుసులు మాత్రం దాని గోడకు సమానంగా తిరుగుతాయి. ప్లాన్ కమాండ్ కొడితే స్క్రీన్ మీద ప్లాటు నిటారుగా నిలబడుతుంది. పనయ్యాక యూసీఎస్, డబ్ల్యూ, ఎంటర్. అంతా యథాస్థానం. దీనికీ మావాళ్లు భయపడతారు. తిప్పిన యూసీఎస్‌లో ఐడీ (బిందువు కొలతలు చెప్పే కమాండ్) కొట్టి, వచ్చిన అంకెల్ని అలాగే సైటుకు వాట్సాప్ చేసే మహానుభావులు ఉన్నారు మరి. స్క్రీన్ మీద ఇరుసుల ఐకాన్ మూలలో బుల్లి చదరం కనబడితేనే మీ అసలు లోకంలో, అంటే తిప్పని ఇరుసుల్లో, ఉన్నట్టు. స్క్రీన్ నీట్‌గా ఉండాలని ఆ ఐకాన్‌నే ఆఫ్ చేసి పెట్టుకుంటారు. అంకెల ముందు ఒక నక్షత్రం గుర్తు పెడితే యూసీఎస్ ఎటు తిరిగి ఉన్నా అసలు లోకం లెక్కే తీసుకుంటుందని చెప్పి చూడండి, చేతబడి చేస్తున్నారా అన్నట్టు చూస్తారు.

ఇక మీ ఆస్థానంలో జరిగే అసలు వినోదం వినండి. సర్వే పట్టికలో చాలాసార్లు నార్తింగ్ (ఉత్తరం కొలత) ముందు, ఈస్టింగ్ (తూర్పు కొలత) తర్వాత ఉంటాయి. క్యాడ్‌కు ముందు కావలసింది ఈస్టింగ్. ఎవరో చూసుకోకుండా అలాగే దించేస్తారు. ప్లాటు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అయినా ఎవరికీ అనుమానం రాదు. పొడవులు సరిపోతాయి, వైశాల్యంలో గజం తేడా రాదు. తూర్పు రోడ్డు కాస్తా ఉత్తరం రోడ్డు అవుతుంది, రెండూ మంచివే కాబట్టి ఓనరుకు సంతోషమే. వాస్తు సిద్ధాంతి గారు చూస్తే ఈశాన్యం ఈశాన్యంలోనే, నైరుతి నైరుతిలోనే! పూజగది సేఫ్, మాస్టర్ బెడ్‌రూమ్ సేఫ్. చోటు మార్చుకునేవి ఆగ్నేయం, వాయవ్యం రెండే. కాగితం మీద ఆగ్నేయంలో ఉన్న వంటిల్లు నేల మీద వాయవ్యంలో తేలుతుంది. స్లాబ్ పడ్డాక ఎవరో పెద్దావిడ వచ్చి, ఇక్కడ నిలబడి వండితే పొద్దుటెండ రాదేమిట్రా అని అడిగేదాకా ఎవరికీ తెలియదు.

జోన్ల సంగతి తలుచుకుంటేనే తలనొప్పి. సంగారెడ్డికీ సదాశివపేటకీ మధ్య 78వ రేఖాంశం పోతుంది. దానికి పడమట 43వ జోన్. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వైపు రోడ్డు డ్రాయింగు వేస్తుంటే తూర్పు కొలత బుద్ధిగా తగ్గుతూ 1.8 లక్షలకు వస్తుంది. గీత దాటగానే 8.1 లక్షల పైకి దూకుతుంది. ఆ రోడ్డు పక్క గజం రేటు కూడా అంత ఎగురు ఎగరలేదు. ఆ జోన్‌లో మీరు ఇంకో చోట కాపురం పెట్టారని ఇక్కడ సగం మందికి తెలియదు.

ఇంతకీ ఈ లేఖ రాయడానికి కారణం, మా టేబుల్ మీదకు వచ్చిన ఒక ఫైలు. పేరు 'ఫైనల్ న్యూ లేటెస్ట్ 2'. ఫైల్లో ఉన్నదంతా చూపించే జూమ్ ఎక్స్‌టెంట్స్ కమాండ్ కొడితే స్క్రీన్ మొత్తం ఖాళీ. కళ్లు చిట్లించి చూస్తే పైన ఒక చుక్క, అట్టడుగున ఒక చుక్క. పై చుక్క హైదరాబాద్‌లోని ఇల్లు. కింది చుక్క మీ దగ్గర, 1,900 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. దగ్గరికెళ్లి చూస్తే అది ఉత్తర దిక్కు చూపించే బాణం.

కావున తమరు దయతలచి ఆ బాణాన్ని వెంటనే ఒడ్డుకు పంపించ ప్రార్థన. సైటులో ముగ్గు డబ్బా పట్టుకుని నిలబడ్డ మేస్త్రీ, ఉత్తరం ఎటు సార్ అని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక డ్రాఫ్ట్స్‌మన్